నీడ పెరట్లో కనకాంబరం

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం పెరటి మొక్కలు పెంచుకునేవాళ్ళం కలుసుకున్నప్పుడు, జీవశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ఒక టీచరుగారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ముప్పై ఏళ్ళు మైకు లేకుండానే ఆఖరి బెంచీ దాకా వినిపించేలా పాఠం చెప్పినదాన్ని, మైకు ఇస్తే ఇంకా గట్టిగా అరుస్తాను, ముందు వరుసవాళ్ళు క్షమించాలి.

ముందుగా ఒక ప్రశ్న. మీలో ఎంతమంది కనకాంబరం మొక్క కొని తెచ్చి చంపేశారు? సిగ్గుపడకండి, చేతులెత్తండి. ఇదిగో, మొదటి చెయ్యి నాదే. ఒకటి కాదు, పదకొండు మొక్కలు చంపాను. ఒకే వర్షాకాలంలో.

సరే, ఇన్ని చేతులు లేచాయి. ఇప్పుడు రెండో ప్రశ్న. మొక్క చచ్చిపోయినప్పుడు ఏమనుకున్నారు? "మా ఇంటికి ఎండ రాదమ్మా, అటు మేడ, ఇటు మేడ, అందుకే బతకలేదు" అనుకున్నారు. ఔనా, కాదా? నేనూ అదే అనుకున్నాను. మొక్కలమ్మిన నర్సరీ అతను కూడా అదే అన్నాడు, "ఇది ఎండ మొక్కమ్మా, నీడలో బతకదు" అని. బతకదని తెలిసినవాడు, నా ఇల్లు ఎలాంటిదో ముందే విన్నవాడు, డబ్బులు తీసుకునేటప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలేదో మరి. పోనివ్వండి.

ఆ మాట నేను నమ్మేశాను. రెండేళ్ళు కనకాంబరం జోలికి పోలేదు. గుడికి వెళ్ళాలంటే పూలు కొనుక్కోవడమే. ఒక రోజు పూల బుట్ట దగ్గర బేరమాడుతుంటే చటుక్కున వెలిగింది. ఏమే, నువ్వు కాపురానికి వెళ్ళిన ఇంట్లో కనకాంబరాలు ఎక్కడుండేవి? ఎండలోనా? మాది ఉద్దానం, కవిటి వైపు. ఇల్లంతా కొబ్బరి చెట్ల కింద. పెరట్లో నిలబడి తలెత్తితే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించేది. ఆ చెట్ల కింద, ఆ నీడలోనే, మా అత్తగారి కనకాంబరాలు నడుము ఎత్తున ఉండేవి. ఆవిడ ముగ్గురు కోడళ్ళ జడలకీ, దేవుడి పటాలకీ, పక్కింటి వాళ్ళకీ కూడా సరిపోయేవి. మరి నీడలో బతకదంటారేమిటి?

అంటే నా మొక్కల్ని చంపింది నీడ కాదు. ఇంకేదో చంపింది. ఈ సాయంత్రం చెప్పాలనుకున్నది దాని గురించే.

మొక్క సంగతి కొంచెం చెప్పి అక్కడికి వస్తాను. టీచరుని కదా, మొదటి పేజీ చెప్పకుండా రెండో పేజీకి పోలేను. కనకాంబరం మన మొక్కే. దక్షిణ భారతం, శ్రీలంక దీని సొంత ప్రాంతాలు. పొద, ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది. రెండు మూడు అడుగులు ఎదుగుతుంది. ఆకు మీద ఒక మెరుపు, అంచుల్లో చిన్న అల. పూలు లేకపోయినా చూడ్డానికి బాగుండే మొక్క. దీని చుట్టాలెవరో తెలుసా? అడ్డసరం, నేలవేము. దగ్గుకి కషాయం కాచుకునే అడ్డసరం, చేదుకి పేరు పడ్డ నేలవేము, జడలో పెట్టుకునే కనకాంబరం, మూడూ ఒకే కుటుంబం. శాస్త్రవేత్తలు దీన్ని క్రాసాండ్రా అంటారు. గ్రీకు మాటల్లోంచి వచ్చింది, కుచ్చులున్న పుప్పొడి తిత్తులు అని అర్థం. మనవాళ్ళు పుప్పొడి జోలికి పోలేదు, రంగు చూసి కనకాంబరం అన్నారు, బంగారు బట్ట అని. ఏది బాగుందో మీరే చెప్పండి.

రకాల గురించి అందరూ అడుగుతారు. నారింజ రంగుది మామూలు నాటు రకం. పసుపుది ఉంది, ఎర్రది ఉంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు అర్క అంబర, అర్క కనక లాంటివి తెచ్చారు. ఇక ఢిల్లీ కనకాంబరం అని ఒకటుంది, పువ్వు కాస్త పెద్దది, నిండుగా ఉంటుంది. దానికి విత్తనం కట్టదు. మామూలు మొక్కలో క్రోమోజోములు రెండేసి వరసలుంటే దాంట్లో మూడేసి. జత కుదరదు, గింజ కట్టదు. కొమ్మ కత్తిరించి నాటుకోవాల్సిందే. ఢిల్లీ రకం పెట్టుకుని గింజల కోసం ఎదురు చూసేవాళ్ళు ఉంటే ఇవాళే మానెయ్యండి.

నీడ ఒకటి కాదు

ఇప్పుడు నీడ గురించి. మనం "మా పెరట్లో నీడ" అంటాం. ఏ నీడ? చెట్టు నీడా, గోడ నీడా? పొద్దుటి నీడా, సాయంత్రం నీడా? వేసవి నీడా, సంక్రాంతి నీడా? ఇవన్నీ ఒకటి కాదు. నీడని అడక్కుండా మొక్క కొనకూడదు.

నీడ గురించి మాట్లాడటానికి శ్రీకాకుళం కంటే మంచి ఊరు ఉంటుందా? పక్కనే అరసవల్లి. మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి పొద్దున్నే కిరణాలు సూర్యనారాయణమూర్తి పాదాల మీద పడతాయి కదా. ఏడాదికి రెండుసార్లే ఎందుకు? సూర్యుడు ఉత్తరానికి వెళ్ళేటప్పుడు ఒకసారి, దక్షిణానికి తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి అదే చోట ఉదయిస్తాడు కాబట్టి. సూర్యుడు ఏ రోజున ఎక్కడ పొడుస్తాడో లెక్కగట్టి ఆ గుడి కట్టారు. మనం అక్కడికి వెళ్ళి దండం పెట్టుకుని వస్తాం, ఇంటికొచ్చాక మన పెరట్లో ఎండ ఏ నెలలో ఎక్కడ పడుతుందో మాత్రం చూడం.

నా సొంత తప్పే చెబుతాను. ఇక్కడ టౌన్లో మా ఇంటికి ఉత్తరం వైపు ఎనిమిది అడుగుల ఖాళీ ఉంది. చలికాలం అంతా అక్కడ నీడే. నేను జనవరిలో చూసి, "ఇది నీడ జాగా" అని తేల్చేశాను. కానీ మనం ఉన్నది ఎక్కడ? 18 డిగ్రీల అక్షాంశం దాటి కొంచెం పైన. కర్కట రేఖకి కింద. అంటే సూర్యుడు మన నడినెత్తి మీదకి ఏడాదికి రెండుసార్లు వస్తాడు, మే నెల మధ్యలో ఒకసారి, జులై ఆఖర్లో ఒకసారి. ఆ మధ్య రెండున్నర నెలలు మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు! పది అడుగుల గోడకి అప్పుడు ఉత్తరం వైపు నీడే ఉండదు. రోహిణి కార్తె పడేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. రోళ్ళు పగిలే ఎండ, నేను నీడ అనుకున్న జాగాలో నిలువునా పడుతుంది. జనవరిలో చల్లగా ఉన్న చోటు మే ఆఖరుకి పెనం.

అందుకే కొత్తగా ఇల్లు మారినవాళ్ళకి నేను చెప్పేది, తొందరపడి నేలలో నాటకండి. కుండీలో పెట్టి, కుండీని జరుపుతూ ఒక వేసవి, ఒక చలికాలం చూడండి. ఏడాది పోతుందని బాధ పడకండి, నా లాగా రెండేళ్ళు పోగొట్టుకోవడం కంటే నయమే కదా.

రోజువారీగా నీడ చూడ్డానికి చెయ్యి చాలు. మధ్యాహ్నం మొక్క పెట్టబోయే చోట నేలకి అడుగు ఎత్తున చెయ్యి చాపండి. వేళ్ళ నీడ కత్తితో కోసినట్టు పడితే అది ఎండ. నీడ పడింది గానీ అంచులు అలుక్కుపోతే, అదీ మనకి కావాల్సిన నీడ. చెయ్యి నీడే కనిపించకపోతే అది చీకటి. చీకట్లో కనకాంబరం బతుకుతుంది, పూలు మాత్రం అడగొద్దు. ఆకులు పెద్దవవుతాయి, కొమ్మలు వెలుగు కోసం సాగిపోతాయి, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది, వెన్ను, అంటే పూల కంకి, వెయ్యదు. మీలో కొందరు "పచ్చగా ఉంది గానీ పూయడం లేదు" అంటున్నారే, ఇదే కారణం. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు, తర్వాత పల్చటి నీడ. దీనికి ఇంతకంటే సుఖం లేదు.

గోడ నీడకీ చెట్టు నీడకీ ఇంకో తేడా ఉంది. గోడ మొక్కతో పోటీ పడదు. చెట్టు పడుతుంది. కింద వేరుంది కదా. కొబ్బరి వేళ్ళు ఎక్కువ భాగం మొదలుకి ఆరడుగుల లోపే ఉంటాయి. కాబట్టి మొదలు దగ్గర కాదు, ఆరడుగులు వదిలి నాటండి. మామిడి, పనస కింద అయితే నేలలో కంటే కుండీయే మేలు. పనస కింద ఏం పెట్టినా నాకు కలిసిరాలేదు, అది నా అనుభవం మాత్రమే.

కొబ్బరిలోనూ వయసు చూడాలి. ఎనిమిదేళ్ళ లోపు చెట్టు, కింద బోలెడు ఎండ. ఎనిమిది నుంచి పాతికేళ్ళ దాకా మట్టలు దగ్గర దగ్గరగా, గొడుగు పట్టినట్టు, కింద బాగా చీకటి. పాతికేళ్ళు దాటాక చెట్టు పైకి పోతుంది, మట్టల మధ్య నుంచి వెలుగు జల్లెడ పట్టినట్టు దిగుతుంది. మా అత్తగారి చెట్లు ముసలి చెట్లు. ఆవిడకి ఈ లెక్కలేవీ తెలీవు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఆ జల్లెడ నీడ ఆవిడకి అదృష్టవశాత్తూ దొరికింది.

చంపినది ఏమిటి?

సరే, ఇప్పుడు నా పదకొండు మొక్కల దగ్గరికి వద్దాం. బేరమాడుతూ నిలబడ్డ ఆ రోజు ఇంటికి వచ్చి, అత్తగారి పెరట్లో ఉన్నదీ నా పెరట్లో లేనిదీ ఏమిటా అని ఆలోచించాను. నీడ అక్కడా ఉంది. పైగా నేను చదువుకున్నదాన్ని, ఎరువు వేశాను, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. ఆవిడ ఏం చేసేది? ఏమీ చేసేది కాదు! వారానికోసారి, అంట్లు కడిగిన నీళ్ళు పారబోస్తే అటుగా వెళ్ళేవి, అంతే.

ఇక్కడే దొరికింది. కొత్తగా కాపురానికి వెళ్ళినప్పుడు, మంచి కోడలు అనిపించుకోవాలని రోజూ బిందెతో మొక్కలకి నీళ్ళు పోస్తుంటే ఆవిడ అరుగు మీంచి అరిచింది, "ఏటే పిల్లా, మొక్కకి నీల్లు పోస్తన్నావా, ముంచేస్తన్నావా?" అని. అప్పుడు నాకు కోపం వచ్చింది. పని చేసినా తప్పేనా అని మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను కూడా. ఆ మాట అర్థం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

ఎండలో ఉన్న మొక్క ఆకుల నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది, వేరు లాగుతూనే ఉంటుంది, నేల కూడా పైనుంచి ఆరుతుంది. నీడలో? ఆకు నుంచి పోయేది తక్కువ. నేల ఆరేది ఇంకా తక్కువ. ఎండ మొక్కకి పోసినన్ని నీళ్ళే నీడ మొక్కకీ పోస్తే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్ళు కూర్చుంటాయి. వేరుకి గాలి కావాలి. వేరు ఊపిరి పీల్చుకుంటుంది అంటే నా క్లాసులో పిల్లలు నవ్వేవారు. నవ్వినా నిజం అదే. గాలందక వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు. తాగలేకపోతే ఆకు వేలాడుతుంది. ఆకు వేలాడితే మనం ఏం చేస్తాం? "అయ్యో, దాహం వేస్తోంది" అని ఇంకో చెంబు పోస్తాం!

అదమ్మా, నేను చేసిన హత్య. పదకొండుసార్లు.

ఆఖరి మొక్క పీకి చూశాను. వేరు గోధుమరంగులో, మెత్తగా, వాసన. పైతొక్క వేలితో లాగితే ఊడి వచ్చింది. నీళ్ళు చాలక చచ్చిన మొక్క వేరు అలా ఉండదు, పుల్లలా ఎండి ఉంటుంది. చచ్చిన మొక్కని పారేసే ముందు ఒక్కసారి వేరు చూడండి. ఎందుకు చచ్చిందో అది చెబుతుంది.

మా ఉద్దానంలో ఇసుక నేల. బిందె కుమ్మరించినా ఐదు నిమిషాల్లో దిగిపోతుంది. ఇక్కడ టౌన్లో మా ఇంటికి మట్టి ఎక్కణ్ణించో లారీలో తెప్పించారు, జిగట మన్ను, మధ్యలో కంకర, సిమెంటు ముక్కలు. ఇల్లు కట్టినవాళ్ళందరి పెరళ్ళూ ఇంతే కదా? ఆ మట్టిలో, నీడలో, రెండు పూటలా నీళ్ళు. ఇంకేం బతుకుతుంది?

కాబట్టి నాటే చోటు ముందు బాగు చేసుకోండి. నేను చేసింది చెబుతాను. పాత మన్ను అడుగున్నర లోతు తీసేశాను. ఎర్రమట్టి రెండు తట్టలు, బాగా చివికిన గత్తం, అదే పశువుల ఎరువు, ఒక తట్ట, ఇసుక ఒక తట్ట. గత్తం పచ్చిది కాదు, పట్టుకుంటే మట్టి వాసన రావాలి. పిడికెడు వేప చెక్క పొడి, అంటే నూనె తీశాక మిగిలే వేపగింజల పిప్పి, మొక్కకొకటి, అదెందుకో చెబుతాను. చుట్టుపక్కల నేల కంటే జానెడు ఎత్తుగా మడి కట్టాను. వానాకాలంలో నీళ్ళు నిలవకూడదు. నీళ్ళు పోసే ముందు వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడటం. చల్లగా, తడిగా తగిలితే ఆ రోజు పొయ్యను. వానాకాలంలో నెలంతా పొయ్యని రోజులున్నాయి. పోసేది పొద్దున్నే. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు తడి, మొదలు తడి, నీడలో అది తెగుళ్ళకి పిలిచి పీట వెయ్యడమే. కుండీలవాళ్ళు కింద పళ్ళెం పెడతారే, గచ్చు పాడవకుండా? ఆ పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే పారబొయ్యండి.

ఎవరో అడుగుతున్నారు... కొబ్బరి పొట్టు కలపొచ్చా అని. కుండీలో కొంచెం కలపండి. నీడలో ఉన్న నేల మడిలో ఎక్కువ వద్దు, అది నీరు పట్టి ఉంచుతుంది. మనకి సమస్యే నీరు పట్టి ఉండటం కదమ్మా.

ఇప్పుడు వేప చెక్క ఎందుకో. నీళ్ళు సరిచేశాక కూడా రెండు మొక్కలు ఎదగలేదు. ఆకు చిన్నది, పసుపు, మొక్క మరుగుజ్జు. పీకి చూస్తే వేళ్ళకి పూసల్లా బుడిపెలు. అవి నులిపురుగులు. కంటికి కనిపించవు, వేరులో చేరి బుడిపె కట్టిస్తాయి. కనకాంబరానికి పెద్ద శత్రువు ఇదే. అవి తొలిచిన వేరులోకి ఎండు తెగులు శిలీంధ్రం సులువుగా దూరుతుంది, అప్పుడు మొక్క మొత్తం వడలిపోతుంది. వేప చెక్క వాటిని తగ్గిస్తుంది. మధ్య మధ్య బంతి వెయ్యండి, బంతి వేరు వాటికి పడదు. మీరనొచ్చు, బంతి నీడలో పెరగదు కదా అని. నిజమే. అందుకే ఆ మడిలో కాస్త ఎండ పడే నెలల్లో వెయ్యాలి. ట్రైకోడెర్మా అని మొక్కకి మేలు చేసే శిలీంధ్రం పొడి దొరికితే గత్తంలో కలిపి వారం రోజులు నీడన ఉంచి వెయ్యండి. అన్నిటికంటే ముఖ్యం, చచ్చిన చోటే మళ్ళీ కనకాంబరం పెట్టొద్దు. ఇంకోటి, స్నేహితులకి మట్టితో సహా మొక్క ఇవ్వకండి. ప్రేమగా ఇస్తాం, ఆ మట్టిలో నులిపురుగులు కూడా ఇచ్చేస్తాం. బొరిగె కూడా కడిగి వాడండి.

ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే అది వేరే. ఇనుము అందడం లేదు. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఎక్కువ. లీటరు నీళ్ళకి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొట్టండి, వారం ఆగి ఇంకోసారి. పిండినల్లి, తెల్లదోమ గాలి ఆడని మూలల్లో వస్తాయి. లీటరుకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు. ఆకు అడుగున తగలాలి. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. యూరియా చల్లకండి, ఆకు దండిగా వస్తుంది, పువ్వు రాదు.

పూల దగ్గరికి వద్దాం, లేకపోతే మీరు నన్ను వదలరు. వెన్ను కింది నుంచి పైకి విచ్చుకుంటుంది, వరసగా. ఒక్కో పువ్వు నిండుగా విచ్చుకోవడానికి రెండు రోజులు పడుతుంది, అందుకే రోజు మార్చి రోజు కోస్తారు. వాసన లేదు, ఆ లోటుకి మల్లెలో మరువమో జత కడతాం. బరువు ఎంత తేలికో చూడండి, కిలో తూగాలంటే వేల పూలు కావాలి. పూలమ్మే ఆవిడ మూర ధర ఎక్కువ చెప్పిందని అనే ముందు, ఒక్కో పువ్వూ వంగి కోసినవాళ్ళ నడుముని తలుచుకోండి. నేను ఇప్పుడు బేరమాడటం మానేశాను.

పూత అయిపోయిన వెన్ను తుంచెయ్యండి. తుంచితే పక్క కణుపులోంచి కొత్త కొమ్మ, దానికి కొత్త వెన్ను. నీడలో మొక్క సాగుతుంది కాబట్టి చిగుళ్ళు గిల్లడం ఇంకా అవసరం. వానలు మొదలయ్యేటప్పుడు, జూన్ ఆఖరులో, మూడో వంతు కత్తిరిస్తాను. ఆ కత్తిరించిన కొమ్మల్లోనే మరీ లేతా మరీ ముదురూ కానివి జానెడు ముక్కలు చేసి, కింది ఆకులు తీసేసి, ఇసుకలో గుచ్చితే నెల తిరిగేసరికి వేరు పడతాయి. మూడేళ్ళు దాటిన మొక్క పూత తగ్గుతుంది, కాబట్టి ఎప్పుడూ వెనక ఒక తరం సిద్ధంగా ఉండాలి.

గింజలు కావాలంటే మాత్రం కొన్ని వెన్నులు ఉంచాలి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. ఎండిన కాయ మీద నీటి చుక్క వేస్తే ఏమవుతుందో ఎంతమందికి తెలుసు? టప్! పేలుతుంది. కాయ లోపల గింజ కింద చిన్న కొక్కెం ఉంటుంది, తడి తగలగానే కాయ రెండుగా చీలి, ఆ కొక్కెం గింజని విసిరేస్తుంది. మా పిల్లలు క్లాసులో నోట్లో తడి చేసుకున్న వేలితో ముట్టించి ఒకరి మీద ఒకరు వేసుకునేవారు. నేను తిట్టేదాన్ని, మళ్ళీ నేనే ఇంకో కాయ తీసి పేల్చి చూపించేదాన్ని. ఎందుకలా పేలుతుంది? ఆలోచించండి. ఎండలో గింజ రాలి ఏం లాభం? వాన చినుకు పడ్డప్పుడు రాలితేనే మొలక. ఆ కాయ వాన కోసం ఎదురు చూస్తుంది. అందుకని మనం కోసేటప్పుడు పొడి మధ్యాహ్నం కోయాలి. పొద్దున్నే మంచు తడిలో వెళితే ఖాళీ తొక్కలే దొరుకుతాయి.

టైం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం వాళ్ళకి ఆ రోజు గురించి నేను చెప్పక్కర్లేదు. మా పెరట్లో పద్నాలుగు కొబ్బరి చెట్లుంటే తెల్లారేసరికి మూడు నిలబడి ఉన్నాయి. నేను టౌన్ నుంచి వెళ్ళేసరికి నాలుగు రోజులు పట్టింది. పెరట్లో నిలబడి తలెత్తితే మొత్తం ఆకాశం. నలభై ఏళ్ళుగా చూడని ఆకాశం. మా ఆడపడుచు కొబ్బరి మట్టలు లాగేస్తుంటే కింద కనకాంబరాలు, విరిగినవి విరగ్గా, కొన్ని నిలబడి ఉన్నాయి.

ఆ చలికాలం అవి విరగబూశాయి. అంత పూత అత్తగారి కాలంలో కూడా లేదు. ఎండ దొరికింది కదా. ఊళ్ళో అందరికీ ప్రాణం ఉసూరుమంటుంటే ఇవి ఇలా పూయడమేమిటని మా ఆడపడుచుకి కోపం కూడా వచ్చింది, "సిగ్గు లేని మొక్కలు వదినా" అంది ఫోన్లో. మరుసటి ఏడు ఏప్రిల్ వచ్చింది. ఇసుక కాలింది. నీడలో పెరిగిన ఆకు పల్చన, ఆ ఎండకి ఆకులు మధ్యలోంచి మాడి, కాగితాల్లా రాలాయి. పాత చీరలు కట్టాం, నాలుగు కర్రలు పాతి. సగం పోయాయి. సగం మోడుల్లా ఉండి జులై వానలకి మళ్ళీ చిగురించాయి.

2019 వానల్లో అక్కడ కొత్త కొబ్బరి మొక్కలు వేశారు. ఎనిమిదో ఏడు నుంచి చీకటి అన్నాను కదా. లెక్క వేసుకోండి, ఆ పెరడు మళ్ళీ చీకటి పడబోతోంది. ఇక ఆ చెట్లకి పాతికేళ్ళు దాటేదాకా ఆ జల్లెడ నీడ రాదు. అది చూసేది నేను కాదు లెండి. మొన్న వెళ్ళినప్పుడు ఆడపడుచుతో చెప్పాను, మొక్కల్ని తూర్పు గోడ వైపు జరపమని. "అప్పుడే ఏం తొందర" అంటోంది. మళ్ళీ వెళ్ళి నేనే జరపాలి.

అక్కడి నుంచి వెన్నులు కోసుకొచ్చాను, ఎండిన కాయలతోనే. ఆ గుమ్మం పక్క బల్ల మీద గుడ్డ సంచిలో ఉన్నాయి. మట్టి లేదు, నులిపురుగుల భయం లేదు. మనిషికి రెండు వెన్నులు తీసుకోండి. బయట టీ ఇస్తున్నారట, ముందు సంచి దగ్గరికి వెళ్ళి తర్వాత టీ దగ్గరికి వెళ్ళండి. తడి చేతులతో మాత్రం ముట్టుకోకండి.